పెరటి కొలనులో ఆరేళ్లు: ఉంచిన మొక్కలు, పీకేసినవి

తణుకులో మా పెరట్లో కొలను తవ్వించి ఈ వేసవికి ఆరేళ్లయింది. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, నడిమిన రెండడుగుల లోతు. కింద ఇసుక పోసి, ఫారం పాండ్లకు రైతులు వాడే 500 మైక్రాన్ల నల్ల షీటు పరిచాం. మూడు వేల లీటర్ల పైనే నీళ్లు పడతాయి. తవ్వకం, షీటు రెండు రోజుల్లో అయిపోయాయి. ఏ మొక్కలు ఉంచాలో తేల్చుకోవడానికే మూడేళ్లు పట్టింది.

మాకు నర్సరీల ఊరు కడియం దగ్గర. అది అదృష్టమూ, ఇబ్బందీ. ఆదివారం కారేసుకుని కడియపులంక వెళ్తే కనిపించినదల్లా కొనబుద్ధవుతుంది. మొదటిసారి అలాగే డిక్కీ నింపుకొచ్చాను. అందులో తామర అని అడిగి తెచ్చిన కుండీ ఒకటి. "ఇది తామరేనా బాబూ?" అని రెండుసార్లు అడిగాను. "ఆయ్, తామరేనండి మేడంగారూ, నెల్లాళ్లలో పువ్వు చూస్తారు" అన్నాడు కుర్రాడు. నెల్లాళ్లకి పువ్వు వచ్చింది. ఊదా రంగు కలువ! సగం తప్పు నాదే. ఆకు చూస్తే అక్కడే తెలిసిపోయేది. కలువాకుకు అంచు నుంచి కాడ దాకా ఒక చీలిక ఉంటుంది, గుండ్రటి అట్టులోంచి ముక్క తుంపినట్టు. తామరాకుకు ఆ చీలిక ఉండదు. కాడ సరిగ్గా నడిమిన అతికి, ముదిరాక ఆకు నీళ్ల పైకి లేచి నిలబడుతుంది.

పొరపాటున వచ్చిన ఆ కలువే ఇప్పుడు మా కొలనులో నాకు బాగా ఇష్టమైన మొక్క. దాని ఆకు మధ్యలో, కాడ కలిసేచోట, పెసరగింజంత బొడిపె లేస్తుంది. పది పదిహేను రోజుల్లో అందులోంచి గోరంత ఆకులు విప్పుకుంటాయి. పెద్దాకు పండి కుళ్లేనాటికి పిల్ల మొక్క తెల్లటి వేళ్లతో విడిగా తేలుతూ ఉంటుంది. అన్ని కలువలూ ఇలా పిల్లలు పెట్టవు.

అయితే ఉద్యోగస్తులు ఒకటి చూసుకోవాలి. ఇది పగటి పువ్వు. తొమ్మిదింటికి విచ్చుకుని మూడు, నాలుగింటికల్లా ముడుచుకుంటుంది. నేను ఎనిమిదింటికి బడికి బయల్దేరితే ఇల్లు చేరేసరికి ఐదు. మొదటి ఏడాదంతా నా కొలనులో పువ్వులు నేను ఆదివారాలే చూశాను. మిగతా రోజులు అత్తయ్యగారు ఫోన్లో ఫొటో పంపేవారు. తర్వాత మన చెరువుల్లో ఉండే ఎర్ర కలువ తెచ్చి వేశాను. చీకటి పడుతుంటే విచ్చుకుంటుంది, మర్నాడు కాఫీ తాగే వేళకి ఇంకా తెరుచుకునే ఉంటుంది. కలువను చంద్రుడికి అప్పజెప్పిన కవులకు ఇంటి దగ్గర చెరువు ఉండే ఉంటుంది.

అసలు తామర రెండో ఏడు గింజల నుంచి వచ్చింది. తామర గింజ పెంకు రాయి లాంటిది. చైనాలో పాత చెరువు మట్టిలో దొరికిన సుమారు 1,300 ఏళ్ల నాటి గింజ మొలకెత్తిందంటే ఆ పెంకు చలవే. అది తెలియక నెలరోజులు ఊరికే నీళ్లలో నానబెట్టి కూర్చున్నాను. గుంట ఉన్న వైపు గరుకు కాగితంతో తెల్లటి పప్పు కనబడేదాకా రుద్దితే నాలుగైదు రోజుల్లో మొలక వచ్చింది. అడుగున చిల్లులు లేని వెడల్పాటి టబ్బులో అరడుగు చెరువు మట్టి పోసి నాటాలి. వర్మి కంపోస్టు, కొబ్బరి పొట్టు వేస్తే తేలిపోయి నీళ్లు పాడవుతాయి. రోజుకు ఆరు గంటల ఎండ తగలకపోతే ఆకులే తప్ప పువ్వు ఉండదు. మాది కొబ్బరిచెట్టు నీడలో ఒక ఏడాది వృథాగా ఉంది. టబ్బు జరిపాక పూసింది.

కొత్త కొలను మొదటి నెలలో పచ్చగా పాలకూర పప్పులా మారుతుంది. కంగారుపడి నేను మూడుసార్లు నీళ్లు తోడించాను. వారం తిరక్కుండా మళ్లీ అదే పచ్చదనం. కొత్త నీళ్లతో పాటు కొత్త పోషకాలు, పైన పూర్తి ఎండ, ఇక నాచుకు లోటేముంది? నీటి మీద సగానికి పైగా కలువాకులు కమ్మేశాక తనంతట తనే తేరుకుంది. ఇప్పుడు అడుగున గప్పీ చేపలు తిరగడం కనిపిస్తుంది.

ఆ తొందరలోనే కాలవలోంచి గుర్రపు డెక్క తెచ్చి వేశాను. నీళ్లు తేటపడ్డ మాట నిజం. కానీ నాలుగు మొక్కలు రెండు నెలల్లో కొలను మొత్తం కప్పేశాయి. కొల్లేరును చూస్తూ పెరిగినదాన్ని, నాకు బుద్ధి ఉండాల్సింది. నీటి మీద తేలే అంతర తామర కూడా వేశాను, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ అదీ అదే బాపతు. పైగా మాన్సోనియా జాతి దోమల పిల్లలు ఈ రెండింటి వేళ్లకే గొట్టం గుచ్చి గాలి పీలుస్తాయి. పైకి రావు, చేపలకు చిక్కవు. రెండూ పీకి ఎండబెట్టి ఎరువుగుంటలో వేశాం. తిరిగి కాలవలో మాత్రం పడేయకండి.

అన్నిటికంటే ఖరీదైన తప్పు జమ్ము. గట్టున గోధుమ రంగు కంకులు బాగుంటాయని నాటాను. మూడో వేసవిలో నీళ్లు రోజుకు రెండంగుళాలు తగ్గుతున్నాయి. ఎండకి అనుకుని మోటారు వేస్తూ వచ్చాం. పక్కనే బకెట్టు నిండా నీళ్లు పెట్టి చూస్తే అందులో అరంగుళం కూడా తగ్గలేదు. కొలను ఖాళీ చేస్తే, బల్లెం మొనలా ఉన్న జమ్ము దుంప మొలక ఒకటి షీటును పొడుచుకుని బయటికి వెళ్లి ఉంది. అప్పటినుంచి ఏ మొక్కయినా కుండీలోనే, నేరుగా మట్టిలో కాదు.

గట్టు మీద ఇప్పుడు గొడుగు తుంగ, మెట్ట తామర, వస ఉన్నాయి. గొడుగు తుంగ మీద లకుముకి పిట్ట కూర్చుని నా గప్పీలను ఏరుకుంటుంది, అదొక్కటే దాని దోషం. వస పువ్వు కోసం పెంచేది కాదు. ఆకు నలిపితే వచ్చే వాసన కోసం, మనవలకు అరగదీయడానికి కొమ్ము కావాలని అత్తయ్యగారు పట్టుబట్టినందుకు. తడి అంచుల్లో సరస్వతి ఆకు తనంతట తను పాకి షీటు అంచును కప్పేసింది. ఏ రాళ్లూ అంత అందంగా కప్పలేదు.

చుట్టూ చెట్ల విషయంలో గన్నేరు వద్దు. ఆకు, పువ్వు అన్నీ విషమే, నీళ్లలో రాలితే చేపలకు ముప్పు. పారిజాతం పెట్టాను, తెల్లారి పువ్వులు నీటి మీద పడి తేలుతుంటే చూడాలి. పరిష్కారం దొరకనిది బాదం ఆకు. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి రోజూ సాయంత్రం పొడుగు కర్రకు కట్టిన వలతో ఎర్రగా పండిన ఆకులు తీయడమే నా పని. రెండు రోజులు వదిలేస్తే నీళ్లు టీ డికాషన్‌లా అవుతాయి. ఆ చెట్టు పక్కింటి పిన్నిగారిది. కొట్టించమని అడగలేను, ఆ కాయలు తినేది మా పిల్లలే.