పేట పత్రికలో మరణవార్త: ఏళ్ల తరబడి చదివి, వేయించి చెబుతున్న మాట

చెన్నైలో ఎవరైనా పోతే కబురు ముందు వాట్సాప్‌లోనే తిరుగుతుంది. ఇంకా పేపర్లో వేయించాలా అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా టీ నగర్ ఇంటికి ఒక ఇంగ్లీషు దినపత్రిక, ఒక తెలుగు దినపత్రిక చెన్నై ఎడిషన్ వస్తాయి. చుట్టుపక్కల వీధుల వార్తలతో వారం చివర ఉచితంగా గుమ్మంలో పడే పేట పత్రిక సరేసరి. మాంబళం టైమ్స్, మైలాపూర్ టైమ్స్ లాంటివి ఈ ఊళ్లో 1990ల నుంచీ ఉన్నాయి. నా ఓటు పేట పత్రికకే.

మా పెదనాన్న పోయినప్పుడు మూడింటిలోనూ వేయించాం. ఇంగ్లీషు పేపరు చూసి ఆయనతో పనిచేసి రిటైరైనవాళ్లు వచ్చారు. పెన్షనర్లు పొద్దున్నే ముందు చూసేది ఆ మరణవార్తల శీర్షికే. తెలుగు పేపర్లో ఫొటోతో బాగానే వచ్చింది గానీ నెల్లూరులో ఉన్న చుట్టాలకు కనబడలేదు. చెన్నై ఎడిషన్‌కు డబ్బు కడితే చెన్నైలోనే పడుతుంది, నెల్లూరుకు మళ్లీ విడిగా కట్టాలి. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా మొదలైందీ, ఆంధ్రప్రభ 1938లో పుట్టిందీ ఈ మద్రాసులోనే. అప్పట్లో ఇక్కడ అచ్చయిన పేపరే రైలెక్కి జిల్లాలకు వెళ్లేది. ఇప్పుడు ఎవరి జిల్లా వార్త వాళ్లదే.

పేట పత్రిక చూసి వచ్చినవాళ్లే వేరు. పానగల్ పార్కులో ఆయనతో రోజూ నడిచేవాళ్లు, వెంకటనారాయణ రోడ్డు తిరుపతి దేవస్థానం గుడిలో పలకరించుకునేవాళ్లు. ఇంటిపేరు తెలీదు, ఫోన్ నంబరు లేదు, ముఖం మాత్రమే తెలుసు. ఫొటో చూసి గుర్తుపట్టి వచ్చారు. ఏ వాట్సాప్ గ్రూపులోనూ వీళ్లు లేరు.

మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దాయన వార్త ఇప్పటికీ మరిచిపోలేను. రెండు వేళ్ల వెడల్పు, పాస్‌పోర్టు ఫొటో, ఊరు సూళ్లూరుపేట దగ్గర అని ఒక ముక్క. చివర్లో "బట్టలిచ్చినవారు కొడుకు దగ్గర తీసుకోగలరు" అని వేశారు. ఆ వారమంతా జనం బట్టల కోసం వెళ్లి, ఆ కుర్రాడి దగ్గర కాసేపు నిలబడి వచ్చారు. పెద్ద పేపర్లలో సెంటీమీటరు లెక్కన అంత డబ్బు పోసి ఆయన కోసం ఎవరు వేయిస్తారు?

లోపాలూ ఉన్నాయి. వారపత్రిక కాబట్టి దహనానికి పనికిరాదు. ఇవాళ పోతే రేపు మధ్యాహ్నానికల్లా కణ్ణమ్మపేట శ్మశానంలో కార్యక్రమం అయిపోతుంది. పెద్దకర్మకు మాత్రం చక్కగా అందుతుంది: గురువారం పోతే ఆ వారం సంచికలో పడకపోయినా, పై వారం శనివారం పేపరొస్తుంది, ఆదివారం పదకొండో రోజు. అందుకని వార్తలో పెద్దకర్మ తేదీ, వేళ, చోటు రాయించండి. పేర్ల తప్పులు ఇంకో బాధ. మా పక్కింటివాళ్ల మామ్మగారి పేరు ఒక పత్రికలో గుర్తుపట్టలేనంత మారిపోయింది. అక్షరాలు కాగితం మీద రాసిచ్చి, అచ్చుకు ముందు ప్రూఫ్ చూపించమని గట్టిగా అడగాలి. దినపత్రికలవాళ్లు మరణ ధ్రువపత్రమో, ఆసుపత్రి కాగితమో అడుగుతారు. దుఃఖంలో విసుగ్గా ఉంటుంది గానీ, బతికున్న మనిషి మీద వార్త పడకుండా అది ఉండాల్సిందే.

నాకు నిజంగా దిగులు పుట్టించేది అపార్ట్‌మెంట్లు. పేపర్ల కట్ట వాచ్‌మన్ బల్ల మీదే ఉండిపోతోంది, పైకి ఎవరూ తీసుకెళ్లరు. మా బిల్డింగులో నేనే లిఫ్టు పక్కన ఒక స్టాండు పెట్టించాను, ఇప్పుడు సాయంత్రానికి సగం పైగా ఖాళీ అవుతున్నాయి. మీ అసోసియేషన్‌లో కూడా అడిగి చూడండి.