కారిన అయిదడుగుల అక్వేరియం: సిలికాన్ మార్చిన మూడేళ్లకు నా సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తాను. పెద్ద అక్వేరియం కారినంత మాత్రాన పారేయనక్కర్లేదు. అద్దాలు కలిసే అంచుల వెంట లోపల జిగురులా వేసిన సిలికాన్ మొత్తం గీకేసి కొత్తది వేస్తే నిలుస్తుంది. మాది 2022 వేసవిలో వేసింది, ఆ జాయింట్ల నుంచి ఇప్పటికీ చుక్క రాలేదు. అయితే సిలికాన్ వేయడం ఇందులో చిన్న పని. ఎక్కడ కారుతోందో పట్టుకోవడమే పెద్ద పని.

ఒంగోలులో అద్దాల కొట్టువాళ్ల చేత చేయించిన తొట్టె మాది. పొడవు అయిదడుగులు, వెడల్పు రెండు, ఎత్తు రెండు. అద్దం మందం 12 మిల్లీమీటర్లు. అంచు దాకా నింపితే 500 లీటర్ల పైమాటే. అంటే నీళ్ల బరువే అర టన్ను దాటుతుంది, అద్దాలు మరో వంద కిలోలు. కింద ఇటుక గోడలు, వాటి మీద చీమకుర్తి గెలాక్సీ రాయి, అంటే నల్ల గ్రానైటు పలక. నీరు రెండడుగులు నిలిస్తే ముందు అద్దం మీద పడే తోపుడు మొత్తం పావు టన్ను దాటుతుంది. అందుకే బయట నుంచి ఎపాక్సీ జిగురు ముద్ద అంటించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బయట అంటించినదాన్ని నీరు ఊడదోస్తుంది, లోపల వేసినదాన్ని అద్దానికే అదుముతుంది.

మే నెలలో పడమటి గాలి మొదలయ్యాక మూత లేని తొట్టెలో నీరు ఎలాగూ రోజూ తగ్గుతుంది. కాబట్టి మొదట తేల్చుకోవలసింది, అది ఆవిరా కారుడా అని. తొట్టె పక్కనే ఒక బకెట్టు నీళ్లు పెట్టి, రెండింటికీ మార్కర్‌తో గీత గీసి, మర్నాడు చూడాలి. ఫిల్టరు నీటిని కదిలిస్తూ ఉంటుంది కాబట్టి తొట్టెలో కాస్త ఎక్కువ తగ్గినా కంగారు పడనక్కర్లేదు. మాది బకెట్టుకు రెట్టింపు దిగింది. ఫిల్టరు గొట్టాల బిగింపులన్నీ టిష్యూ కాగితంతో ఒత్తి చూస్తే పొడిగానే ఉన్నాయి. ఇక మిగిలింది అద్దమే.

తడి కనిపించింది కుడివైపు ముందు మూలలో. అక్కడే గీకడం మొదలుపెట్టేవాణ్నేమో, కానీ మా అమ్మ ముగ్గు డబ్బా తెచ్చి, "చుట్టూ చల్లి చూడరా, తడి ఎక్కడ మొదలవుతుందో అదే చెబుతుంది" అంది. అద్దం అడుగంచు తుడిచి, రాయి మీద చుట్టూ సన్నగా చల్లాం. ముందువైపు ముగ్గు చాలాసేపు పొడిగానే ఉంది. వెనుక ఎడమ మూలలో మాత్రం ముందుగా బూడిదరంగుకు తిరిగింది. అక్కడి నుంచి నీరు అద్దం అడుగున పాకి, వాలు ఉన్న వైపుకు చేరుతోందన్నమాట. అదే మూలలో నిలువు జాయింటు వెంట తెల్లటి ఉప్పు చార కూడా కనిపించింది. మా బోరు నీరు కాస్త ఉప్పు కావడం ఒక్క ఇందుకే పనికొచ్చింది.

చేపలను నీలం డ్రమ్ముల్లోకి మార్చి, మళ్లీ నీరు పోయకుండా వదిలేశాం. నీరు దిగుతూ దిగుతూ అడుగుకు బెత్తెడు ఎత్తున ఆగిపోయింది. నీరు జాయింటులోకి దూరే చోటు ఆ ఎత్తులోనే ఉంటుంది. అక్కడ టార్చి ఏటవాలుగా వేస్తే, అద్దాన్ని వదిలేసిన సిలికాన్ కింద వెండి తీగలా గాలి మెరిసింది.

ఎందుకు వదిలిందో మేస్త్రీ రసమట్టం పెట్టగానే తెలిసింది. "రాయి బాగానే ఉందండీ, కుడి గోడే దిగింది" అన్నాడు. ఒక మూల కుంగితే తొట్టె మెలిపడుతుంది, ఆ మెలి అంతా జాయింటు మోయాలి. గోడ సరిచేయకుండా సిలికాన్ మారిస్తే డబ్బు దండగే. ఇప్పుడు రాయికీ అద్దానికీ మధ్య థర్మోకోల్ షీటు కూడా ఉంది.

ఇక సిలికాన్. కంపెనీ పేరు కన్నా ట్యూబు మీద రాసినది చూడండి. అక్వేరియానికి పనికొస్తుందని స్పష్టంగా ఉండాలి. బాత్‌రూముల కోసం బూజు నిరోధక మందు కలిపినవి చేపలకు ప్రమాదం. పాత సిలికాన్ మీద కొత్తది సరిగా పట్టదు కాబట్టి కారిన మూల ఒక్కటే గీకితే చాలదు, లోపలి అంచులన్నీ తీయాలి. బ్లేడుతో గీకాక కూడా అద్దం మీద కంటికి కనబడని పొర మిగులుతుంది. వేలు పెట్టి రాస్తే అద్దంలా జారక పట్టుకున్నట్టు ఉంటుంది, అదే గుర్తు. అది పోయేదాకా గీకి, అసిటోన్‌తో తుడవాలి. నడుములు పడిపోయేది ఇక్కడే. అంచులకు టేపు అంటించి, సిలికాన్ వేసి, వేలితో ఒక్క లాగుడులో నొక్కి, పైన పొర కట్టకముందే టేపు పీకేయాలి. ఆరడానికి గాలిలో తేమ కావాలి, ఆ విషయంలో మన కోస్తాకు లోటు లేదు. అయినా వారం ఆగండి. సిలికాన్ ఆరుతున్నప్పుడు వచ్చే వెనిగర్ వాసన ఉన్నంతవరకు చేపల మాట తలపెట్టవద్దు.

ఈలోగా ఫిల్టరు స్పాంజిని కుళాయి నీటితో కడగకుండా, పాత తొట్టె నీటిలోనే గాలి పంపు పెట్టి ఉంచాలి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను తినేసే బాక్టీరియా అందులోనే ఉంటుంది, అది చస్తే తిరిగొచ్చిన చేపలకు అమ్మోనియా దెబ్బ తగులుతుంది. నీటిలో క్లోరిన్ తీయడానికి హైపో (సోడియం థయోసల్ఫేట్) మన జిల్లాల్లో రొయ్యల మందుల కొట్లలోనే దొరుకుతుంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు కరెంటు పోయిన రాత్రి నేల తడిసింది. మళ్లీ మొదలైందని ఇంట్లో అందరూ అన్నారు. ముగ్గు చల్లితే జాయింట్లు పొడిగానే ఉన్నాయి. నీటి మట్టం కన్నా కింద పెట్టిన గాలి పంపు ఆగిపోవడంతో, సన్న గొట్టం గుండా నీరు వెనక్కి వచ్చింది. గొట్టానికి చిన్న నాన్ రిటర్న్ వాల్వు బిగించాక ఆ బెడద లేదు.

ఫిర్యాదులు లేకపోలేదు. తెల్ల సిలికాన్ పసుపు తిరిగింది, రెండు మూలల్లో నాచు అంచు కిందికి దూరింది. బ్లేడుతో నాచు గీకితే సిలికాన్ తెగుతుంది కనుక మూలల్లో స్పాంజి మాత్రమే వాడుతున్నాం. మళ్లీ వేయవలసి వస్తే నల్లదే కొంటాను. అద్దానికీ అద్దానికీ మధ్య ఉన్న సిలికాన్‌లోనే బుడగలు వరుసగా కనిపిస్తే మాత్రం ఈ పద్ధతి చాలదు. అద్దాలు విడదీసి మళ్లీ కట్టించాలి, అది కొట్టువాళ్లకే వదిలేయండి.