చంకలో ఉబ్బు: వదిలేయడం మేలా, తీయించుకోవడం మేలా?

కావలిలో మా చెల్లెలికి కాన్పయిన మూడో రోజు పాలు పడ్డాయి. దాంతోపాటే రెండు చంకల్లోనూ నిమ్మకాయంత వాపు. చెయ్యి కిందికి దించితే నొప్పి. "బిళ్ళలు కట్టుంటాయి, వేడి కాపడం పెట్టండి" అని మా పెద్దమ్మ. క్యాన్సరేమోనని చెల్లెలి టెన్షన్. డాక్టరమ్మ తడిమి చూసి, "ఇదీ రొమ్ము కణజాలమేనమ్మా, చోటు మారిందంతే" అన్నారు.

కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు చంక నుంచి గజ్జ దాకా రెండు పక్కలా పాలగీత ఒకటి ఏర్పడుతుంది. రొమ్ముల దగ్గర తప్ప మిగతాదంతా కరిగిపోవాలి. కొందరిలో కొంచెం మిగిలిపోతుంది, ఎక్కువగా చంకలోనే. హార్మోన్లు పెరిగినప్పుడు రొమ్ములతో పాటు అదీ ఉబ్బుతుంది: పెద్దమనిషి అయినప్పుడు, నెలసరికి ముందు, కడుపుతో ఉన్నప్పుడు, బాలింతగా ఉన్నప్పుడు. అప్పుడు గుర్తొచ్చింది, మా చెల్లెలు పదో తరగతి నుంచీ జాకెట్టు చంక దగ్గర బిగుతని టైలరుతో పోట్లాడేది. పాపం, తప్పు టైలరుది కాదు.

వేడా, చల్లనా అంటే పెద్దమ్మ మాట ఇక్కడ చెల్లదు. వేడి పెట్టినా, పిండినా అక్కడ పాలు ఇంకా ఊరతాయి. గుడ్డలో చుట్టిన ఐసు మేలు. బిడ్డకు పాలు మానక్కర్లేదు. చాలామందికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో వాపు తగ్గుతుంది. చర్మం ఎర్రబడి జ్వరం వస్తే మాత్రం ఆ రోజే చూపించాలి.

ఆపరేషన్ సంగతి వేరు. పాలిచ్చేటప్పుడు తొందరపడరు, బిడ్డ పాలు మానాక కొన్ని నెలలు ఆగి, మిగిలిన ఉబ్బెంతో చూసి నిర్ణయిస్తారు. అందులో కొవ్వే ఎక్కువుంటే చిన్న గాటుతో లాగేసే లైపోసక్షన్ సరిపోవచ్చు. గట్టి పాలగ్రంథి ఉంటే కోసి తీయడమే నయం, మచ్చ పడినా సరే. గ్రంథి మిగిలితే మళ్ళీ ఉబ్బుతుంది. కోతకీ బాధలున్నాయి: నీరు చేరడం, చెయ్యి లోపలివైపు తిమ్మిరి, కొన్నాళ్ళు చెయ్యి పైకెత్తలేకపోవడం. బరువు తగ్గితే కొవ్వు తగ్గుతుందేమో కానీ గ్రంథి పోదు.

నొప్పి లేక, చూడ్డానికి ఇబ్బందీ లేకపోతే వదిలేయడమే నా ఓటు. నెలనెలా నొప్పితో సతమతమయ్యేవాళ్ళకు తీయించుకోవడంలో తప్పేం లేదు. ఏ దారైనా ముందు ఒక స్కాన్ చేయించుకోవాలి, ఎందుకంటే రొమ్ముకొచ్చే జబ్బులు, అరుదుగా క్యాన్సరుతో సహా, దీనికీ రావచ్చు. నెలసరితో సంబంధం లేకుండా పెరిగే గట్టి గడ్డ, సొట్టపడిన చర్మం, రక్తం కారడం కనిపిస్తే ఆగకూడదు.

మా చెల్లెలు ఆపరేషన్ వాయిదా వేసుకుంది. రెండో బిడ్డ కావాలట, అప్పుడు మళ్ళీ ఎలాగూ ఉబ్బేదే కదా అంది. ప్రస్తుతానికి టైలరుకి చంక దగ్గర అరంగుళం ఎక్కువ వదలమని చెప్పి వచ్చింది.