తేలికపాటి ట్రాక్ కారు: పాత జెన్ మేలా, కొత్త తరం స్విఫ్ట్ మేలా?

గోదావరి డెల్టాలో ఉంటూ ఏడాదికి రెండు మూడు సార్లు రేస్ ట్రాక్ మీద సొంత కారు నడపాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది ఇంజిన్ సంగతి కాదు, దూరం సంగతి. చెన్నై శివార్లలో, శ్రీపెరుంబుదూరుకు దగ్గరగా ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి ఉన్న 3.7 కిలోమీటర్ల ట్రాకే మన వైపు వారికి అందుబాటులో ఉన్న గమ్యం. కోయంబత్తూరులోని 2.1 కిలోమీటర్ల కారి మోటార్ స్పీడ్‌వే ఇంకా దూరం. అమలాపురం నుంచి బయలుదేరినా, భీమవరం నుంచి బయలుదేరినా ఇరుంగాట్టుకోట్టైకి ఒక వైపే ఐదు వందల కిలోమీటర్ల పైమాట. ఆ దూరం కారు తన చక్రాల మీద తానే వెళ్లి, ట్రాక్ మీద రోజంతా దెబ్బలు తిని, మళ్లీ తానే ఇంటికి రాగలదా, లేక ఫ్లాట్‌బెడ్ లారీ మీద మోసుకుపోవాలా అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబే ఏ కారు కొనాలో, దానిలో ఏమేమి ఊడదీయాలో నిర్ణయిస్తుంది.

మన ఊళ్లలో ఈ పనికి సాధారణంగా నాలుగు పేర్లు వినిపిస్తాయి. 1993లో వచ్చి 2006 దాకా తయారైన మారుతి జెన్‌లో అదే కంపెనీ మరో కారైన ఎస్టీమ్ 1.3 లీటర్ల ఇంజిన్ వేయించడం మొదటిది. 2005లో వచ్చిన తొలి తరం స్విఫ్ట్ 1.3 పెట్రోలు రెండవది. 2018 తర్వాతి తేలికపాటి స్విఫ్ట్ మూడవది. 2022లో అమ్మకాలు ఆగిపోయిన ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టర్బో నాలుగవది. వీటిలో తొలి తరం స్విఫ్ట్‌ను ఆదిలోనే పక్కన పెట్టవచ్చు. దాని జీ13బీబీ ఇంజిన్ మంచిదే, మన దేశంలో ఫార్ములా ఎల్‌జీబీ రేసు కార్లకు పెట్టుకున్నది కూడా స్విఫ్ట్ 1.3 ఇంజినే. కానీ ఆ కారు బరువు వెయ్యి కిలోలు దాటి ఉంటుంది, 2010లోనే ఆ ఇంజిన్ స్థానంలో 1.2 రావడంతో ఇప్పుడు దొరికే బండ్లన్నీ పదిహేనేళ్లు పైబడినవే, అంటే పాత బండి కష్టాలన్నీ ఉంటాయి గానీ పాత బండికి ఉండవలసిన తేలికదనం ఉండదు.

బరువు లెక్క ఒకసారి శ్రద్ధగా వేసి చూస్తే మిగిలిన మూడింటి మధ్య తేడా మనం అనుకున్నంత లేదని తెలుస్తుంది. జెన్ బరువు సుమారు 760 కిలోలు, దాని సొంత ఇంజిన్ శక్తి చివరి మోడళ్లలో 60 బీహెచ్‌పీ (అంటే హార్స్‌పవర్). అందులో 85 బీహెచ్‌పీ ఎస్టీమ్ ఇంజిన్ వేసి, వెనక సీటు, కార్పెట్లు, స్టెప్నీ వగైరా తీసేసి 720 కిలోలకు దించి, 75 కిలోల డ్రైవరును కూర్చోబెడితే టన్నుకు దాదాపు 107 బీహెచ్‌పీ వస్తుంది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన 90 పీఎస్ (బీహెచ్‌పీ కన్నా కాస్త చిన్న కొలమానం) స్విఫ్ట్ నుంచి 70 కిలోలు తగ్గించి ఇదే లెక్క కడితే టన్నుకు నూరు. పోలోకు 110 పీఎస్ ఉన్నా సుమారు 1,070 కిలోల బరువు ఉండటం వల్ల, దాని నుంచి 80 కిలోలు తీసినా 102 దగ్గరే ఆగుతుంది. 2018–20 మధ్య వచ్చిన 83 పీఎస్ స్విఫ్ట్ 94 దగ్గర ఉంటుంది. కాగితం మీద జెన్‌దే పైచేయి.

అయితే ఆ పైచేయి ఒక్క ఇనుప చట్రంతో కరిగిపోతుంది. జెన్‌కు ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, తలుపులు పలచన. ఇంజిన్ పెంచిన అలాంటి కారును రోల్ కేజ్ (పల్టీ కొట్టినా లోపలివారు నలగకుండా కాపాడే గొట్టాల చట్రం) లేకుండా ట్రాక్ మీదికి తీసుకువెళ్లమని ఎవరికీ చెప్పలేను. మంచి గొట్టాలతో, మంచి వెల్డింగుతో చేయించిన కేజ్ తేలికగా చూసుకున్నా 35 కిలోలు తూగుతుంది. అది కలపగానే జెన్ కూడా 102కు దిగి, పోలో పక్కన, స్విఫ్ట్‌కు వెంట్రుకవాసి దూరంలో నిలబడుతుంది. 2018 నుంచి స్విఫ్ట్‌లో అన్ని రకాలకూ కనీసం రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ తప్పనిసరిగా వస్తున్నాయి కాబట్టి దానిని కేజ్ లేకుండా మామూలు ట్రాక్ డేకి తీసుకువెళ్లడంలో అంత ప్రమాదం లేదు. పైగా రోడ్డు మీద కూడా నడిపే కారులో కేజ్ పెట్టడం అసలుకే ఎసరు పెట్టడం లాంటిది. హెల్మెట్ లేని తలకు నాలుగంగుళాల దూరంలో ఉక్కు గొట్టం ఉంటే బండి చిన్నగా గుద్దుకున్నా పెద్ద గాయమవుతుంది.

ఇక చట్టం మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని, ఆర్సీలో నమోదైన వివరాలను దాటి మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగానే చెప్పింది. 993 సీసీ అని ఆర్సీలో ఉన్న జెన్‌లో 1,298 సీసీ ఇంజిన్ కూర్చోబెడితే ఆ బండి రోడ్డెక్కడమే సమస్య అవుతుంది, పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లినప్పుడు ఆ సమస్య రవాణా శాఖ అధికారి ఎదుట నిలబడుతుంది. కనుక ఇంజిన్ మార్చిన జెన్ అంటే లారీ మీద వెళ్లే జెన్ అనే అనుకోవాలి, అలా రానూపోనూ మోయించే ఖర్చు రెండు మూడు దఫాలకే కారు కొన్న ధరను తాకుతుంది. వెనక సీటు తీసేసిన స్విఫ్ట్‌కూ ఈ నియమం వర్తిస్తుంది గానీ దానికి సులువైన దారి ఉంది. వెనక సీటు, స్టెప్నీ, జాకీ, పార్సిల్ ట్రే ఇవన్నీ స్పానర్లతో ట్రాక్ దగ్గర విప్పి, సాయంత్రం మళ్లీ బిగించుకోగలిగినవే. డెల్టా నుంచి వెళ్లేవారికి పనికొచ్చేది ఇలా ఊడదీసి తిరిగి పెట్టగలిగే తేలికదనమే తప్ప, గ్రైండరుతో కోసి పారేసే తేలికదనం కాదు. బీమా విషయంలో మాత్రం ఏ కారుకూ మినహాయింపు లేదు: మామూలు పాలసీలు రేసింగునూ వేగ పరీక్షలనూ మినహాయిస్తాయి కాబట్టి ట్రాక్ మీద జరిగిన నష్టం ఎవరి చేతి చమురు వారిదే.

జెన్ మీద ఆశ చావనివారు కొనేముందు చూడవలసింది ఇంజిన్ కన్నా నేల రేకు. ఈ ప్రాంతంలో ఒక కారు ఇరవై ఏళ్లు బతికిందంటే ఉప్పు గాలిలో బతికిందని అర్థం. అందులోనూ నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది వైపు చెరువు గట్ల మీద తిరిగిన బండైతే డిక్కీలో రొయ్యల పెట్టెలు మోసి ఉండే అవకాశం ఎక్కువ. ఐసు కరిగి కారిన ఉప్పునీరు కార్పెట్ కిందికి చేరి నెలల తరబడి అక్కడే ఉంటుంది, పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. అమ్మే పెద్దమనిషి ‘సింగిల్ ఓనర్ బండండీ, షెడ్డు దాటలేదండీ’ అంటూ ఉండగానే స్టెప్నీ పైకెత్తి, ఆ గుంతలో అతుకుల మీద స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కి చూడాలి. తర్వాత బానెట్ ఎత్తి ముందు సస్పెన్షన్ స్ట్రట్లు (చక్రాల కుదుపును మోసే స్ప్రింగు కాళ్లు) బిగించిన గుండ్రటి రేకును, అంటే స్ట్రట్ టవర్‌ను, తలుపుల కింద గడప లాంటి బాక్సును, వెనక చక్రాల వంపును చూడాలి. టకటకమని గట్టి చప్పుడు రావలసిన చోట మొద్దు చప్పుడు వస్తే లోపల పుట్టీ ఉందని తెలుసుకోవాలి. స్ట్రట్ టవర్ దగ్గర తుప్పు పట్టిన కారుకు ఎంత మంచి టింకరింగ్ మేస్త్రి రేకు అతికినా, అది రోడ్డుకు సరిపోతుందేమో గానీ, మలుపు మలుపుకూ కారు బరువంతా ఒక మూల మీద పడే ట్రాకుకు సరిపోదు. కేజ్ కాళ్లు వెల్డింగ్ చేసేది కూడా ఆ నేల రేకుకే అన్నది మరిచిపోకూడదు.

బ్రేకుల దగ్గర తేలికదనం విలువ అసలుగా బయటపడుతుంది. డ్రైవరుతో కలిపి 880 కిలోలున్న స్విఫ్ట్‌ను గంటకు 150 కిలోమీటర్ల నుంచి 70కి దించితే సుమారు 600 కిలోజౌళ్ల శక్తి డిస్కుల్లోనూ డ్రమ్ముల్లోనూ వేడిగా మారుతుంది. అది 30 డిగ్రీల దగ్గరున్న రెండు లీటర్ల నీటిని మరిగే స్థితికి తెచ్చేంత వేడి, అందులో సింహభాగం ముందు డిస్కులే భరించాలి, పైగా ఇది ఒక్క మలుపు దగ్గర ఒక్కసారి జరిగేది. 1,065 కిలోలున్న పోలోకు ఈ లెక్క 720 దాటుతుంది. టర్బో వేడి దీనికి అదనం. ఎండాకాలం చెన్నైలో పోలోను వరసగా ఇరవై నిమిషాలు దౌడు తీయిస్తే ముందుగా అలిసిపోయేది డ్రైవరు కాదు. రోడ్డు మీద పోలో ఎంత మంచి కారైనా, దాని విడిభాగాల ధరలు చూసినా, వాటికోసం రాజమహేంద్రవరమో విజయవాడో పరుగెత్తవలసి రావడం చూసినా, ఈ పనికి దానిని నేను సిఫారసు చేయను.

బ్రేకుల విషయంలోనే మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం; తేమ పట్టిన తర్వాత అదే ప్రమాణం 155కు పడిపోతుంది. డాట్ 3కు ఈ అంకెలు 205, 140. చుట్టూ కాలువలు, చెరువులు, వరిచేలు ఉన్న చోట ఏడాది పొడవునా గాలిలో నీరే కనుక, రెండేళ్లకోసారి మారిస్తే చాలన్న మాట ఇక్కడి ట్రాక్ కారుకు వర్తించదు. ప్రతి ట్రాక్ రోజుకు ముందు, అప్పుడే సీలు తీసిన సీసాతో, నాలుగు చక్రాల దగ్గరా పాత ద్రవం పోయి కొత్తది వచ్చేదాకా బ్లీడింగ్ చేయించాలి. మెకానిక్ షెడ్డులో బల్ల కింద మూత వదులుగా ఉన్న సగం సీసాను ‘ఇది కొత్తదేనండి’ అని తీస్తే, మర్యాదగానే వద్దని చెప్పి మన సీసా మనం తీసుకువెళ్లాలి. ద్రవం మరిగి పెడల్ ఒక్కసారిగా నేలకు తగిలితే ఆ మొహమాటానికి కట్టే మూల్యం చాలా పెద్దది.

టైర్ల దగ్గర కూడా స్విఫ్ట్‌కే అనుకూలం. జెన్ 13 అంగుళాల ఇరుకు చక్రాలకు పట్టు ఎక్కువగా ఉండే టైర్లు మన దేశంలో వెతికి వెతికి పట్టుకోవాలి. స్విఫ్ట్ పై రకాలకు వచ్చే 15 అంగుళాల చక్రాలకు ఎంపిక చాలా ఎక్కువ. కారును కిందికి దించే మోజు మాత్రం రెండింటికీ హద్దులోనే ఉండాలి. నల్లరేగడి నేల మీద వేసిన మన రోడ్లు వానకు ఉబ్బి, ఎండకు కుంగి అలలు తిరిగి ఉంటాయి, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి, 216వ జాతీయ రహదారి దాటి లోపలి ఊరికి మళ్లితే ఆ అలలు ఇంకా పెరుగుతాయి. 25 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ దించితే ఇంజిన్ ఆయిల్ చాంబరు ట్రాక్ దాకా వెళ్లకుండానే పగులుతుంది. అంతకన్నా చవకగా, ముందు స్ట్రట్ కింది బోల్టులకు బదులు క్యాంబర్ బోల్టులు వేసి చక్రాల పైభాగాన్ని ఒక డిగ్రీ పైచిలుకు లోపలికి వంచితే, మలుపుల్లో టైరు బయటి అంచు మాత్రమే అరిగిపోయే బాధ బాగా తగ్గుతుంది. ఏసీ తీసేస్తే మరో పదిహేను కిలోలు కలిసివస్తాయని చెప్పేవారుంటారు. ఐదు వందల కిలోమీటర్లు ఎండలో నడిపి వచ్చి మర్నాడు ట్రాకెక్కే మనిషికి ఆ పదిహేను కిలోల కన్నా ఒంట్లో నీరు, రాత్రి నిద్ర ఎక్కువ విలువైనవి. ఏసీ ఉంచుకోవాలి.

కాబట్టి పాత జెన్ ఎవరికి? ఇంట్లో తుప్పు లేని జెన్ ఇప్పటికే ఉండి, విజయవాడ ఆటోనగర్‌లో నమ్మకమైన ఇంజిన్ మేస్త్రి తెలిసి, రోడ్డు మీద తిప్పే ఆశ వదులుకొని లారీ ఖర్చుకు సిద్ధపడేవారికి అంతటి ఆనందం ఇచ్చే కారు మరొకటి లేదు. పవర్ స్టీరింగు లేని జెన్ ముందు చక్రాలు రోడ్డుతో ఏం మాట్లాడుతున్నాయో చేతులకు తెలుస్తుంది, అది కొత్త స్విఫ్ట్‌లో రాదు. ఆ మూడు షరతుల్లో ఏ ఒక్కటి లేకపోయినా 2021లో వచ్చిన 90 పీఎస్ స్విఫ్టే మేలు, డబ్బు చాలకపోతే 2018–20 నాటి బండి. టన్నుకు ఆరు బీహెచ్‌పీ తేడా కోసం అప్పు చేయనక్కరలేదు.

స్విఫ్ట్ కొన్నవారు మొదట ఖర్చు పెట్టవలసింది ముందు బ్రేక్ ప్యాడ్లు, ద్రవం, నాలుగు టైర్ల మీద. తర్వాత డ్రైవరు వైపు ఒక్క బకెట్ సీటు (ఒంటిని కదలకుండా పట్టి ఉంచే రేసు సీటు); ఎడమ సీటు అలాగే ఉంచవచ్చు. ఎగ్జాస్టు, ఎయిర్ ఫిల్టరు లాంటివి చప్పుడు పెంచినంతగా వేగం పెంచవు, ఆ డబ్బుతో మరో ట్రాక్ రోజు ఫీజు కట్టవచ్చు. కొత్త ప్యాడ్లు బెడ్ చేసే పనిని, అంటే మాటిమాటికీ గట్టిగా బ్రేకు వేసి వేడెక్కించి చల్లార్చే పనిని, కాలువ గట్టు రోడ్డు మీద చేయకూడదు. ఒక పక్క నీళ్లు, మరో పక్క కొబ్బరి చెట్లు, ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వచ్చే చోటు అది. ట్రాక్ మీద తొలి సెషన్‌లో మొదటి నాలుగైదు ల్యాపులు అందుకే కేటాయించి, తర్వాత ఒక ల్యాపు బ్రేకు తాకకుండా చల్లార్చి, పిట్‌లోకి వచ్చాక హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో నిలపాలి.