కొబ్బరితోట గేటు కోసం కొన్న వెల్డింగ్ మెషీన్
అమలాపురంలో 200 ఆంప్స్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్ కొని ఆర్నెల్లయింది. తోట గేటు నేనే అతుక్కుందామని సరదా. బరువు తక్కువ, 16 ఆంప్స్ ప్లగ్గు మీదే నడుస్తోంది. 2.5 ఎం.ఎం. 6013 రకం వెల్డింగ్ రాడ్డుకి 80 ఆంప్స్ దగ్గర పెడితే చాలు. పలచటి గొట్టానికి ఇంకా తగ్గించాలి, లేదంటే బొక్కే. నా మొదటి అతుకులు పిట్టరెట్టల్లా వచ్చాయి, అది మెషీన్ తప్పు కాదులెండి. కూడా ఇచ్చిన సామానే దండగ: ఇనుముకి తగిలించే ఎర్త్ క్లాంపు సరిగా పట్టదు, చేత్తో మొహానికి అడ్డం పెట్టుకునే నల్లద్దంలోంచి ఏమీ కనపడదు. వెల్డింగ్ వెలుగుకి అద్దం దానంతటదే నల్లబడే హెల్మెట్ విడిగా కొన్నాను. మా కోనసీమ ముసురుకి రాడ్లు చెమ్మెక్కి అంటుకుపోతాయి, గట్టి మూత డబ్బాలో దాచుకోండి. జింకు పూత గొట్టాన్ని మాత్రం పూత గీకకుండా వెల్డింగ్ చెయ్యొద్దు. ఆ పొగ పీల్చి రాత్రంతా చలిజ్వరంతో వణికాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతోంది.