సాగర్, దేవరకొండ, సోమశిల: నిహారికల కోసం మూడు రాత్రులు

సంక్రాంతి వెళ్లాక వచ్చిన అమావాస్యకు సెలవు పెట్టి, సీస్టార్ ఎస్50 అనే, ఫోన్‌తో నడిచే చిన్న టెలిస్కోపును సంచిలో వేసుకుని ఎల్బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టాను. రెండున్నర కిలోల పరికరం. 50 మిల్లీమీటర్ల కటకం, కెమెరా, ఫిల్టర్, మంచు పట్టకుండా చిన్న హీటర్, అన్నీ లోపలే. ఫోన్‌లో నిహారిక, అంటే ఆకాశంలోని వాయువు, ధూళి మేఘం పేరు నొక్కితే అదే వెతుక్కుని, పది పది సెకన్ల ఫొటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోతుంది. ఇక మనం చూసుకోవాల్సింది చీకటి, అడ్డంలేని ఆకాశం, రాత్రంతా బయట కూర్చోనిచ్చే మనుషులు. బస వెతికేటప్పుడు ఈ మూడే అడిగాను.

ఇబ్రహీంపట్నం దగ్గర జాపాల్-రంగాపూర్ గుర్తొచ్చింది. ఉస్మానియా వాళ్ల 48 అంగుళాల టెలిస్కోపు ఉన్న చోటు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల రాత్రిపూట వాయవ్యానికి చూస్తే హైదరాబాద్ వెలుగే కనిపిస్తుంది.

సాగర్ దగ్గర దిగిన రిసార్ట్‌లో గది బాగుంది, చేపల పులుసు ఇంకా బాగుంది. కానీ పచ్చిక మీది లైట్లు రాత్రికి ఆపేస్తామని ఫోన్‌లో మాటిచ్చినవాళ్లు, తీరా వెళ్లాక కుదరదన్నారు. చాలా కోపం వచ్చింది. గోడ నీడలో ట్రైపాడ్ పెట్టుకుని ఫిల్టర్ వేసి రోజెట్ నిహారిక మొదలుపెట్టాను. ఆశ్చర్యంగా, గంటన్నరలో ఎర్రటి పువ్వు విచ్చుకుంది. ఈ ఫిల్టర్ నిహారికలోని హైడ్రోజన్ ఇచ్చే 656 నానోమీటర్ల ఎరుపు, ఆక్సిజన్ ఇచ్చే 501 నానోమీటర్ల నీలి ఆకుపచ్చ, వాటి చుట్టుపక్కల కొద్దిపాటి కాంతిని మాత్రమే రానిస్తుంది. లైట్ల వెలుతురులో ఎక్కువ భాగం బయటే ఆగిపోతుంది. రోజెట్ మొత్తం ఒక ఫ్రేములో పట్టదు, పక్కపక్క భాగాలు తీసి అతికించే మొజాయిక్ మోడ్ పెట్టాలి. అదే ఊపులో కృత్తికల నక్షత్ర గుంపు మీదికి తిప్పితే మాత్రం ఒట్టి చుక్కలే వచ్చాయి, వాటి చుట్టూ ఉండే నీలి పొగ రాలేదు.

దానికి కారణం రెండో రాత్రి బాగా తెలిసింది. దేవరకొండ అవతల మా మేనమామ చేను. పత్తి ఏరడం అయిపోయి కట్టె మిగిలింది. బావి దగ్గర రేకుల షెడ్డు, నులక మంచం, జొన్నరొట్టెలోకి పండుమిర్చి తొక్కు. చీకటి పడగానే మామే అడిగాడు: "అల్లుడా, బాయికాడ లైటు బంద్ జెయ్యాల్నా?" డబ్బిచ్చి బతిమాలినా సాగర్‌లో దొరకని మాట అది.

కృత్తికల చుట్టూ ఉన్న నీలి పొగ సొంతంగా వెలగదు. ఆ నక్షత్రాల కాంతే ధూళి మీద పడి మన వైపు వస్తుంది. అందులో అన్ని రంగులూ ఉంటాయి కనుక ఫిల్టర్ వేస్తే పొగ కూడా పోతుంది, తీసేస్తే ఊరి లైట్లు మీద పడతాయి. దీనికి చీకటి తప్ప మందు లేదు. ఎనిమిదికి అవి నడినెత్తి దగ్గర ఉంటాయి, అక్కడ ఈ పరికరం తడబడుతుంది. తొమ్మిదికి, కాస్త పడమటికి వాలాక మొదలుపెట్టాను. గంట దాటేసరికి పిల్లలకోడి చుట్టూ నీలం తేలింది. మా నాయనమ్మ కృత్తికలను పిల్లలకోడి అనేది. ఆ ఫొటో చూసి కాసేపు మాట రాలేదు.

గుర్రం తలకాయ నిహారిక కూడా అక్కడే తీశాను. కానీ అది ఫిల్టర్‌తో సాగర్‌లోనూ వచ్చేదే. ఎర్ర నిహారికలే కావాలంటే లైట్లున్న చోటైనా నెట్టుకురావచ్చు, కృత్తికల్లాంటివాటికి మాత్రం చేను వెతుక్కోవాల్సిందే.

మూడో రోజు మన్ననూర్ ఆలోచన చేసి మానుకున్నాను. అది పులుల అడవి, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారిలో వాహనాలు వదలరు. అది న్యాయమే, అక్కడ రాత్రి బయట కూర్చోవాలనుకోవడమే తప్పు.

కొల్లాపూర్ దాటి సోమశిల చేరాను. గది మామూలుదే, బాడుగ సాగర్‌లో ఇచ్చినదాంట్లో సగం. దుప్పట్లు పల్చన, వేడినీళ్లు ఆలస్యం. కానీ వాచ్‌మన్ "పైకి పోండ్రి సార్, తాళం నా దగ్గర్నే ఉంది" అని డాబా తెరిచాడు. కృష్ణ నీళ్ల పక్కన మంచు బాగా పడుతుంది. హీటర్ ఆన్‌లో ఉంటే బ్యాటరీ తొందరగా దిగుతుంది, పవర్‌బ్యాంక్ తప్పనిసరి.

ఇంత దూరం వచ్చింది కెరీనా నిహారిక కోసం. ఢిల్లీ నుంచి అది దిగంతాన్ని ఆనుకునే ఉండిపోతుంది, యూరప్‌కు అసలు కనిపించదు. మనకు దక్షిణాన 13-14 డిగ్రీల ఎత్తుకు, అంటే చేయి చాచి పిడికిలి పెడితే దాని కంటే కాస్త పైకి వస్తుంది. మూడు దాటాక నల్లమల కొండల మీదుగా ఫిల్టర్‌తో నలభై నిమిషాలు తీశాను. నీటి ఆవిరికి సగం ఫ్రేములు పనికిరాలేదు. మిగిలిన వాటిలోనే ఎర్రటి మేఘం, దాన్ని చీల్చే నల్లటి పాయలు స్పష్టంగా వచ్చాయి. ఫిబ్రవరి అమావాస్యకు అది ఒంటిగంట ప్రాంతంలోనే ఆ ఎత్తుకు వస్తుంది. పొద్దున బయల్దేరే ముందు అదే గది అడిగి పెట్టుకున్నాను, దుప్పట్లు ఇంటి నుంచే తెచ్చుకుంటానని కూడా చెప్పాను.