వారసుల చరిత్రకు మైనేతా ఎంతవరకు పనికొస్తుంది?

ఎమ్మెల్యేకు ఆస్తి ఎంత, కేసులెన్ని అని చూడటానికి మైనేతా అంత సులువైన సైటు మరొకటి లేదు. ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) సంస్థ దీన్ని ఉచితంగా నడుపుతోంది. అయితే రాజకీయ కుటుంబం నుంచి వచ్చిన ఎమ్మెల్యే ప్రస్థానం తెలుసుకోవాలంటే దీనిలో వెతికే పద్ధతి వేరు.

సైటులో ఉన్నదంతా ఫారం 26 నుంచి వచ్చిందే. అంటే నామినేషన్‌తో పాటు అభ్యర్థి ఇచ్చే అఫిడవిట్. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పులతో ఇది తప్పనిసరైంది. కాబట్టి అంతకుముందే పోటీ చేసిన తాత, తండ్రి తరం ఆస్తులు ఇక్కడ దొరకవు. వాళ్ల గెలుపోటములకు ఎన్నికల సంఘం గణాంక నివేదికలే దిక్కు.

ఆళ్లగడ్డ నియోజకవర్గాన్నే తీసుకోండి. అన్న మరణంతో 1992లో వచ్చిన ఉప ఎన్నికలో గెలిచి భూమా నాగిరెడ్డి తొలిసారి ఎమ్మెల్యే అయ్యారు. ఆయన లోక్‌సభకు వెళ్లాక భార్య శోభ వచ్చారు, అదీ ఉప ఎన్నికే. 2014లో పోలింగ్‌కు ముందే శోభ రోడ్డు ప్రమాదంలో చనిపోయారు, అయినా ఓటర్లు ఆమెనే గెలిపించారు. ఆ ఖాళీలో కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. కుటుంబంలో సీటు చేతులు మారిన ప్రతిసారీ ఉప ఎన్నికే! మైనేతాలో ఉప ఎన్నికలకు వేరే పేజీలు ఉంటాయి. 2014 సాధారణ ఎన్నికల జాబితా ఒక్కటే చూసి వదిలేస్తే అసలు మలుపే తప్పిపోతుంది. అఖిలప్రియ 2016లో వైసీపీ నుంచి టీడీపీకి మారడం, 2017లో మంత్రి కావడం కూడా అఫిడవిట్‌లో ఉండవు. అందులో కనిపించేది నామినేషన్ నాటి పార్టీయే. 2019 ఓటమికీ 2024 గెలుపుకీ మధ్య ఏం జరిగిందో పత్రికల్లో వెతుక్కోవాల్సిందే.

అభ్యర్థి పేజీలో ‘ఇతర ఎన్నికలు’ పట్టిక చాలా విలువైనది. పాత అఫిడవిట్లలోని ఆస్తులు, కేసులు వరసగా చూపిస్తుంది. కానీ పై మొత్తం చూసి ‘ఆస్తి ఇన్ని రెట్లు పెరిగింది’ అని తేల్చేయకండి. స్థిరాస్తుల పట్టిక దాకా కిందికి దిగండి. ప్రతి భూమి పక్కన వారసత్వమా, కొన్నదా, కొంటే ఎప్పుడు, ఎంతకు అని రాయాలి. తల్లిదండ్రులు పోయాక దాఖలు చేసిన అఫిడవిట్‌లో ఒక్కసారిగా పెరిగిన మొత్తానికి కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. పాత భూమికి మార్కెట్ విలువ పెంచి రాసినా అంకె పెరుగుతుంది.

ఇంకో పెద్ద లోటు ఫారంలోనే ఉంది. అభ్యర్థి, జీవిత భాగస్వామి, అవిభక్త కుటుంబం, ఆధారపడినవాళ్లు, ఇంతవరకే లెక్క. సొంత సంపాదన ఉన్న కొడుకు, తమ్ముడు, బావమరిది ఇందులోకి రారు. పెళ్లయిన మహిళ భర్త పేరు రాస్తే తండ్రి పేరు మాయమవుతుంది. అలాంటప్పుడు ఆమె ఎవరి వారసురాలో పేజీ చూసి పోల్చుకోలేం.

రేపటి వారసుడెవరో తెలియాలంటే మాత్రం ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్‌కు వెళ్లాలి. నియోజకవర్గం ఎంచుకుని, తిరస్కరించినవి, ఉపసంహరించుకున్నవి విడిగా తెరవండి. అసలు అభ్యర్థి నామినేషన్ చెల్లకపోతే ఎలా అని భార్యతోనో కొడుకుతోనో డమ్మీ నామినేషన్ వేయించడం మామూలే. కొత్త తరం పేరు కాగితం మీద మొదట కనిపించేది చాలాసార్లు అక్కడే. ఒక్కో అభ్యర్థి నాలుగు సెట్ల దాకా వేయవచ్చు గనుక తేదీలు చూసి చివరి అఫిడవిట్ తీసుకోండి. అక్కడివి స్కాన్ కాపీలు, చేతిరాతవి చదవడం కష్టం. కానీ మైనేతాలోని అంకె మీద అనుమానం వస్తే సరిచూసుకోవాల్సింది వాటితోనే.

పేరు ఇంగ్లిషులో వెతికేటప్పుడు ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఇంకోసారి ప్రయత్నించండి. అప్పటికీ దొరక్కపోతే నియోజకవర్గం పేరుతో వెళ్లడం మేలు. ఏడీఆర్ వాళ్లు ఒక్కో నియోజకవర్గానికి ఉప ఎన్నికలతో కలిపి ఒకే వరస పేజీ ఇస్తే ఈ తిప్పలు చాలావరకు తీరతాయి.